కొయ్యమాకండి.. ముందు చూడండి

మా గురజాలలో చిన్నప్పుడు నన్ను అసలు పేరు పెట్టి పిలిచినోళ్లు తక్కువ. "మచ్చోడా" అంటేనే పలికేవాణ్ణి. కుడి పిర్ర మీద మొదలై తొడ వెనక సగం దాకా దిగిన నీలం మచ్చ నాకు పుట్టినప్పట్నుంచీ ఉంది. కాలవలో ఈతకి దిగితే అందరూ గట్టెక్కి పోయిందాకా నేను నీళ్లలోనే ఉండేవాణ్ణి. మా నాయనమ్మ ఆ మచ్చకి ఒకటే కారణం చెప్పేది. నేను కడుపులో ఉండగా గ్రహణం పట్టిన పూట మా అమ్మ కదలకుండా పడుకోలేదంట, అందుకే మచ్చ పడిందంట. ఆ నింద మా అమ్మ ఇరవై ఏళ్ల పైన మోసింది.

ఇంటర్‌లో ఉండగా దొడ్డికి పోయినప్పుడు రక్తం పడటం మొదలైంది. ఎవరికీ చెప్పలా. ఎట్టా చెప్తాం, చోటు అట్టాంటిది గదా. రెండేళ్లు దాచిపెట్టా. మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోయింది. అప్పుడు ఊళ్లో ఆరెంపీ దగ్గరికి పోతే "మొలలు, కారం తగ్గించు" అన్నాడు. మిరపకాయ పండించే ఇంట్లో పుట్టి కారం మానేశా. రక్తం మాత్రం తగ్గలా. తర్వాత "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అని గోడల మీద రాసుంటది చూడండి, అట్టాంటి ఒకచోటికి పోయా. మచ్చ సంగతి అడగలా, స్కాన్ తీయలా. రబ్బరు బ్యాండు వేసి పంపించారు. నాలుగో రోజు రాత్రి పక్క తడిసిపోయేంత రక్తం పోయింది. 108లో తీసకపోయి రక్తం ఎక్కించారు.

ఆ తర్వాత ఇంకో ఆసుపత్రిలో కోసి తీసేద్దామని తేదీ కూడా రాశారు. ఆడ డ్యూటీలో ఉన్న ఒక చిన్న డాక్టరమ్మ నన్ను బోర్లా పడుకోబెట్టి, మచ్చని వేలితో నొక్కి చూసింది. నొక్కితే అణిగింది, వదిలితే మెల్లగా మళ్లా నిండింది. "ఇది నీకు ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది. అన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. "కోసేది తర్వాత, ముందు చూడాలి" అని ఆపరేషన్ ఆపించింది.

చూస్తే అవి మొలలు కావు. పుట్టుకతోనే తేడాగా అల్లుకున్న రక్తనాళాలు. పైకి కనపడే మచ్చ కొసే, అసలు దుబ్బు తుంటెముకల గిన్నె లోపల, పెద్ద పేగు చివర చుట్టూ ఉంది. తేదీ ప్రకారం కత్తి పెట్టుంటే బల్ల మీదే నా పని అయిపోయేది. అందుకే ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు. పేషెంటుగా నేర్చుకున్నదీ, నన్ను చూసిన డాక్టర్లు విడమరిచి చెప్పిందీ మీ ముందు పెడుతున్నా.

కాలవ లెక్కన చూద్దాం

పదో తరగతి బయాలజీలో చదివే ఉంటారు: ధమనులు, సిరలు, మధ్యలో రక్తకేశనాళికలు. పరీక్ష అయిపోగానే అందరం మర్చిపోయాం. మన కాలవ లెక్కన చూస్తే మళ్లా మర్చిపోము.

గుండె సాగర్ డ్యాం అనుకోండి. 1967లో నీళ్లు వదిలిన కుడి కాలవ పెద్ద ధమని. దాన్నుంచి మేజర్లు, మైనర్లు, తూములు, చివరికి చేలో పిల్ల బోదెలు. ఆ పిల్ల బోదెలే రక్తకేశనాళికలు. అక్కడికొచ్చేసరికి నీటి జోరంతా చచ్చిపోయి, నింపాదిగా నేలలోకి ఇంకుద్ది, పైరు తాగుద్ది. మిగిలింది మురుగు కాలవలోకి, అక్కణ్ణుంచి వాగులోకి పోద్ది. ఆ మురుగు కాలవలూ వాగులూ సిరలు. వాటిల్లో జోరుండదు, గట్లు కూడా పల్చగా ఉంటయ్.

బిడ్డ కడుపులో తయారయ్యేటప్పుడే ఈ కాలవల తవ్వకం జరుగుద్ది. తవ్వకంలో తప్పొస్తే రెండు రకాలుగా వస్తది.

ఒకటి, మురుగు కాలవ ఒకచోట గట్టు సరిగ్గా లేక మడుగులాగా వెడల్పయిపోద్ది. నీళ్లు నిలబడిపోతయ్. ఇది సిరల్లో వచ్చే తేడా. ఈ లోపాల్లో ఎక్కువగా కనపడేది ఇదే. నాకున్నదీ ఇదే. రక్తం నింపాదిగా కదులుద్ది, ఒక్కోచోట నిలబడి గడ్డకడద్ది. రక్తం బదులు ఒంట్లో ఊరే తెల్లనీరు, అంటే లింఫు పారే దారులు ఇట్టా తిత్తులు తిత్తులుగా ఉబ్బితే అది ఇంకో రకం. ఇవన్నీ నింపాది రకాలు.

రెండోది, మేజరు కాలవని తీసకపోయి పిల్ల బోదెలతో పనిలేకుండా నేరుగా వాగులో కలిపేస్తే ఏమవుద్ది? నీళ్లన్నీ ఒకే దూకుడుతో వాగులో పడి గట్లు కోసేస్తయ్. పక్కన చేలు ఎండిపోతయ్. డ్యాం ఎంత వదిలినా చాలదు. ధమనీ సిరా మధ్యలో బోదెలు లేకుండా నేరుగా ముడిపడే జబ్బు ఇది. జోరు రకం. చెయ్యి పెడితే జిల్లుమని అదురుద్ది, స్టెతస్కోపు పెడితే గాలి హోరు వినపడుద్ది. పెద్దదయితే ఆ అదనపు రక్తమంతా తిప్పలేక గుండె కూడా అలిసిపోద్ది. అరుదే గానీ ప్రమాదం ఎక్కువ.

ఈ మాట గుర్తుపెట్టుకోండి: జోరా, నింపాదా? రోగం తేల్చే పనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుద్ది. వైద్యం రెండింటికీ పూర్తిగా వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే ప్రాణం మీదకొస్తది.

పేరు తప్పితే దారి తప్పుద్ది

పసిపిల్లల్లో ఎర్రగా స్ట్రాబెరీ పండులాగా వచ్చే గడ్డలు మీరు చూసుంటారు. దాన్ని హెమాంజియోమా అంటారు. అది పుట్టిన కొన్ని వారాలకి మొదలై, మొదటి ఏడాది గబగబా పెరిగి, తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే చాలావరకు తగ్గుద్ది. మనం మాట్లాడుకునేది అది కాదు. మనది పుట్టేటప్పటికే లోపల ఉంటది, పైకి ఎప్పుడో కనపడొచ్చు. పిల్లోడితోపాటే పెరుగుద్ది, దానంతటది పోదు. వయసొచ్చేటప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు, దెబ్బ తగిలినప్పుడు, సగం సగం ఆపరేషన్ చేసినప్పుడు ఇంకా ఎక్కువవొచ్చు.

ఈ రెండూ వేరని 1982లో అమెరికాలో బోస్టన్ డాక్టర్లు మల్లికెన్, గ్లోవాకీ స్పష్టంగా విడదీశారు. దాని ఆధారంగానే 1996లో అంతర్జాతీయ సంఘం వర్గీకరణ తయారుచేసింది, తర్వాత 2014లో, 2018లో సరిదిద్దింది. ఇన్నేళ్లయినా చాలా రిపోర్టుల్లో అన్నింటికీ కలిపి "హెమాంజియోమా" అనే రాస్తన్నారు. నా మొదటి రిపోర్టులో కూడా అదే రాసుంది. అది చూసి "పెద్దయ్యాక అదే పోద్దిలే" అని ఎవరన్నా అంటే, ఏ రకమో గట్టిగా అడగండి.

ఇక గిన్నె లోపలి సంగతి. తుంటెముకల మధ్య గిన్నెలాంటి చోట్లో మూత్రపు సంచి, పెద్ద పేగు చివర, ఆడోళ్లకి గర్భసంచి, అండాశయాలు, మగోళ్లకి ప్రోస్టేటు అన్నీ ఇరుకుగా సర్దుకుని ఉంటయ్. నాళాల తేడా ఆడ ఉంటే బయటికి ఏమీ కనపడకపోవచ్చు. అందుకే వేరే రోగాల పేర్లతో తిరుగుద్ది. దొడ్డికి రక్తం పడితే మొలలంటారు. మూత్రంలో రక్తం పడితే రాళ్లంటారు. నెలసరిలో రక్తం ఆగకపోతే గర్భసంచిలో గడ్డ అంటారు. గజ్జల్లో వాపొస్తే హెర్నియా, వృషణాల సంచి ఉబ్బితే వరిబీజం, పిర్ర మీద గడ్డయితే సెగ్గడ్డ అంటారు. నూటికి తొంభై మందికి పైగా అవి నిజంగా ఆ మామూలు రోగాలే అయ్యుంటయ్, ఎవరూ భయపడొద్దు. అనుమానించాల్సింది ఎప్పుడంటే: పిర్ర మీదో తొడ మీదో మర్మాంగాల మీదో పుట్టుకతో నీలం, ఎర్ర మచ్చ ఉన్నప్పుడు. చిన్నవయసులోనే కాలికి నరాలు ఉబ్బి, ఒక కాలు రెండోదానికంటే లావుగా, పొడుగ్గా ఉన్నప్పుడు. నిలబడితే ఉబ్బి, పడుకుంటే తగ్గే మెత్తటి వాపు ఉన్నప్పుడు. గడ్డ మీద చెయ్యి పెడితే నాడిలాగా కొట్టుకుంటున్నప్పుడు.

మచ్చ, ఉబ్బిన నరాలు, లావుపాటి కాలు మూడూ ఒకే మనిషికి ఉంటే దానికి క్లిపెల్ ట్రెనోనే అని పేరు. 1900లో ఫ్రాన్సు డాక్టర్లిద్దరు రాసిన రోగం అది. అట్టాంటోళ్లలో కొందరికి గిన్నెలో పేగుకీ మూత్రపు సంచికీ కూడా ఈ నాళాలు పాకుతయ్.

మొదటి మెట్టు: కలర్ డాప్లర్

నడికుడి జంక్షన్‌లో నిలబడి రైలు కూత వినండి. బండి మనవైపు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటి పోయేటప్పుడు బొంగురుగా మారుద్ది. ఎందుకట్టా అని 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త డాప్లర్ లెక్క చెప్పాడు. స్కాన్ మిషను చేసేదీ అదే. మనకి వినపడని శబ్దాన్ని లోపలికి పంపుద్ది, పరిగెత్తే రక్తకణాలకి తగిలి వెనక్కొచ్చిన శబ్దంలో తేడాని బట్టి రక్తం ఎటు పోతంది, ఎంత జోరుగా పోతంది చెప్పుద్ది. రేడియేషన్ లేదు, నొప్పి లేదు, పసిబిడ్డకైనా గర్భిణికైనా చెయ్యొచ్చు.

తెర మీద ఎరుపు, నీలం కనపడతయ్. ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అనుకుంటారు చాలామంది. కాదు. ఒక రంగు మిషను చెయ్యి వైపు వచ్చే రక్తం, ఇంకోటి దూరంగా పోయే రక్తం, అంతే.

నింపాది రకమైతే స్పాంజిలాగా గదులు గదులుగా కనపడుద్ది, నొక్కితే అణుగుద్ది, రంగు దాదాపు రాదు. అప్పుడు డాక్టరు "ముక్కు" అంటాడు, లేకపోతే పిక్క నొక్కుతాడు. అప్పుడు కొంచెం రంగు కదులుద్ది. నాకు అట్టాగే కదిలింది. జోరు రకమైతే రంగులన్నీ కలిసి చిందరవందరగా మెరుస్తయ్, సిరలో కూడా ధమనిలాగా నాడి కొట్టుకుంటది.

ఇక్కడొక చిక్కుంది. మామూలు పొట్ట స్కాన్‌లో రంగు పెట్టకుండా చూస్తే ఇది నీటి తిత్తిలాగా కనపడొచ్చు, లేదా అసలు కనపడకపోవచ్చు. "స్కాన్ నార్మల్" అని రిపోర్టు వచ్చుద్ది. కాబట్టి "కలర్ డాప్లర్ పెట్టారా, ఆ మచ్చ ఉన్నచోట కూడా చూశారా" అని అడగాలి. పుట్టుమచ్చ సంగతి మనమే నోరు తెరిచి చెప్పాలి. గిన్నె లోపల లోతు ఎక్కువ, పేగుల్లో గాలి అడ్డమొస్తది. అందుకే నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకోమంటారు. నిండిన మూత్రపు సంచి అద్దాల కిటికీలాగా పనిచేసుద్ది.

చెల్లెళ్లకి ఒక మాట. పెళ్లికాని పిల్లకి ఈ స్కాన్ పొట్ట మీద నుంచే చేస్తారు, లోపలి నుంచి చెయ్యాల్సిన పని లేదు. పరీక్ష చేసేది మగ డాక్టరైతే ఆడమనిషి పక్కన ఉండాలని అడగొచ్చు. అది జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది.

రెండో మెట్టు: ఎంఆర్ఐ

జోరా నింపాదా అన్నది డాప్లర్ చెప్పుద్ది. ఎంత దూరం పాకిందన్నది గిన్నె లోపల అది పూర్తిగా చెప్పలేదు. అది చెప్పేది ఎంఆర్ఐ. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు. దీంట్లోనూ రేడియేషన్ ఉండదు. అరగంట నుంచి ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి. రేకుల మిల్లులో పడుకున్నట్టు ధడధడ మోత ఉంటది, చెవులకి దూది పెడతారు. ఒంట్లో పేస్‌మేకరు, లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. పసిపిల్లలైతే నిద్రపుచ్చి తీస్తారు.

ఇందులో కొవ్వు మెరుపుని అణిచేసి నీటిని మాత్రం మెరిపించే ఒక పద్ధతి ఉంది. ఆ బొమ్మలో నింపాది రకం నాళాలు వెన్నెల్లో చెరువులాగా తెల్లగా మెరుస్తయ్. జోరు రకం దానికి ఎదురు, నల్లటి బొక్కలుగా కనపడుద్ది. ఎందుకంటే రాత్రిపూట ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టి ఫొటో తీయండి: నిలబడ్డోడు పడతాడు, బండి మీద దూసుకుపోయినోడు పడడు. రక్తం కూడా అంతే. ఫొటో అయ్యేలోపు దాటిపోయిన రక్తం చీకటి మిగిల్చి పోద్ది.

తర్వాత చేతి నరానికి మందు ఎక్కించి వరసగా బొమ్మలు తీస్తారు. మామూలుగా ముందు ధమనులు నిండి, కాసేపటికి సిరలు నిండాలి. ధమనితో పాటే సిర కూడా నిండిపోతే, మేజరు నేరుగా వాగులో కలిసిందని అర్థం. సిరల తేడా అయితే మడుగు మెల్లమెల్లగా నిండుద్ది. లింఫు తిత్తులైతే లోపల నిండవు, గోడలూ అడ్డుగోడలూ మాత్రమే మెరుస్తయ్. ఈ మందుకి ముందు కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్ చూసుకోవడం మంచిది. గర్భిణులకి సాధారణంగా ఈ మందు ఎక్కించరు, ఉత్త ఎంఆర్ఐ తీయొచ్చు.

నా ఎంఆర్ఐ బొమ్మని డాక్టరమ్మ కిటికీ వెలుగుకి పెట్టి చూపించింది. పిర్ర కండ నుంచి తెల్లటి దుబ్బు గిన్నెలోకి దూరి, పేగు చివర చుట్టూ గుత్తులు గుత్తులుగా ఉంది. మధ్యలో నల్లటి గుండ్రటి చుక్కలు. అవేంటంటే నిలబడ్డ రక్తం గడ్డకట్టి, సున్నం పట్టి రాయిలాగా మారిన గుళికలు. మామూలు ఎక్స్‌రేలో కూడా ఇవి తెల్లటి ముత్యాల్లాగా కనపడతయ్. పెద్ద వయసోళ్లకి గిన్నెలో అట్టాంటివి ఒకటీ అరా ఏ రోగం లేకుండా కూడా ఉంటయ్, దానికి భయపడక్కర్లా. చిన్నపిల్లల ఎక్స్‌రేలో గుంపుగా కనపడితే మాత్రం సిరల తేడా ఉందేమోనని వెతకాలి.

సీటీ, యాంజియో ఎప్పుడు?

సీటీ గబగబా అయిపోద్ది. రక్తం ఆగకుండా పోయి ప్రాణం మీదకొచ్చినప్పుడు, ధమనుల దారి అర్జెంటుగా తెలియాల్సినప్పుడు అది పనికొస్తది. కానీ రేడియేషన్ ఉంటది. వయసులో ఉన్నోళ్లకి, మళ్లీ మళ్లీ చూడాల్సిన రోగానికి మొదట దాన్ని వాడరు.

యాంజియో అంటే తొడ మొదట్లోనో మణికట్టు కాడో సన్నటి గొట్టం ధమనిలోకి పంపి, మందు వదిలి సినిమాలాగా తీయడం. సూది, తీగ, గొట్టం అనే ఈ తేలికపాటి పద్ధతిని 1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ చూపించాడు. మందుకి ముందు తీసిన బొమ్మని తర్వాత తీసిన బొమ్మలోంచి తీసేస్తే ఎముకలు మాయమై నాళాలే మిగులుతయ్. జోరు రకానికి ఇదే ఆఖరి తీర్పు. ఏ తూము నుంచి నీళ్లొస్తన్నయ్, ఎక్కడ కలుస్తన్నయ్ ఇది తేల్చుద్ది. అయితే ఇది ఒళ్లు పొడిచే పరీక్ష కాబట్టి ఉత్త చూడ్డానికి కాకుండా, ఎక్కువగా వైద్యం చేసే రోజునే చేస్తారు. నింపాది రకానికి చాలాసార్లు దీని అవసరమే ఉండదు.

బొమ్మలతో పాటు ఒక రక్తపరీక్ష కూడా ముఖ్యం. దాని పేరు డీ-డైమర్. మడుగులో రక్తం గడ్డకడతా కరుగుతా ఉంటే ఇది పెరుగుద్ది. పెద్ద సిరల తేడాల్లో రక్తాన్ని గడ్డకట్టించే సరుకు లోపలే ఖర్చైపోద్ది. అట్టాంటప్పుడు ఆపరేషన్ చేస్తే రక్తం ఆగదు. నాది చాలా ఎక్కువ వచ్చింది. రబ్బరు బ్యాండు రాత్రి నాకెందుకు రక్తం ఆగలేదో ఆ రోజు అర్థమైంది.

చూడకుండా చేస్తే ఏమవుద్ది?

గడ్డ కనపడగానే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. మామూలు గడ్డలకి అది మంచి పద్ధతే. రక్తనాళాల దుబ్బులో, అందులోనూ గిన్నె లోపల ముక్క తీస్తే రక్తం వరదై పోద్ది. మొలలనుకుని బ్యాండు వేసినా, సెగ్గడ్డనుకుని కోసినా అంతే.

ఇంకో పాత తప్పుంది. గిన్నెలో జోరు రకం ఉన్నోళ్లకి రక్తం ఆపడానికి దాన్ని పోషించే పెద్ద ధమనిని కట్టేసేవాళ్లు. మేజరు తూము మూసేస్తే ఏమవుద్దో మన రైతుకి చెప్పక్కర్లా. చుట్టుపక్కల బోదెలన్నీ గండ్లు కొట్టుకుని అదే పల్లానికి నీళ్లు తెస్తయ్. కొన్నాళ్లకి జబ్బు మళ్లా వచ్చుద్ది. పైగా రేపు గొట్టం పంపి లోపల్నుంచి మూద్దామంటే దారి పోయింది. మూయాల్సింది తూము కాదు, మేజరు వాగులో కలిసిన ఆ ముడిని. అది ఎక్కడుందో బొమ్మ లేకుండా ఎవరికీ తెలవదు.

వైద్యం సంగతి క్లుప్తంగా చెప్తా. జోరు రకానికి గొట్టం పంపి ఆ ముడిని మూస్తారు. నింపాది రకానికి స్కాన్‌లో చూస్తా సూదితో మందు వేసి మడుగుని పూడుస్తారు, ఒక్కసారితో అయ్యేది కాదు. కొందరికి సిరోలిమస్ అనే మాత్రలు పనిచేస్తయ్. కొందరికి ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండటమే మంచిది. నాకు పిర్రలో ఉన్నదానికి నాలుగుసార్లు సూదిమందు వేశారు. పేగు చుట్టూ ఉన్నదాన్ని ముట్టుకోలా. ఐరన్ మాత్రలు, దొడ్డి గట్టిపడకుండా మందు, కాలికి బిగుతు మేజోడు. పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ మూడేళ్లుగా రక్తం ఎక్కించుకోలేదు. పొద్దున్నే లేచి చేనికి పోతన్నా.

సిగ్గు, దూరం

నా కేసులో ఆలస్యానికి రెండు కారణాలు. మొదటిది నా సిగ్గు. రెండోది దూరం.

గురజాల నుంచి పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోద్ది, తోడొచ్చినోళ్ల కూలి కూడా పోద్ది. అందుకే దగ్గర్లో ఎవరేం చెప్తే అది చేయించుకుంటాం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది. జిల్లా అంటే కలెక్టరాఫీసు ఒక్కటే కాదు గదా. డివిజన్ స్థాయి గవర్నమెంటు ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా కలర్ డాప్లర్ తెలిసిన డాక్టరు ఉండాలని, తమకి అర్థం కాని గడ్డని కొయ్యకుండా పైకి పంపించే పద్ధతి ఉండాలని మనం అడగాలి. ఎంఆర్ఐ ప్రతి ఊళ్లో పెట్టమని నేను అనను. కానీ ఎవరికి ఎంఆర్ఐ కావాలో గుర్తుపట్టే చూపు మాత్రం దగ్గర్లో ఉండాలి.

పైకి పోవాల్సి వస్తే గుంటూరు పెద్దాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నయ్. ఇంకా పెద్ద పనయితే హైదరాబాద్ నిమ్స్, వేలూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర. అక్కడ "ఇంటర్వెన్షనల్ రేడియాలజీ" ఓపీ ఏ రోజో కనుక్కుని పోండి, ఊరికే తిరగొద్దు. కార్డు మీద ఏది వర్తిస్తదో ఆరోగ్యమిత్రని ముందే అడగండి. స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకోండి. అది మీ హక్కు. రేపు ఇంకో డాక్టరు రిపోర్టు కంటే ముందు బొమ్మనే చూడాలంటాడు.

పెళ్లైన చెల్లెళ్లు కడుపుతో ఉన్నట్టు తెలియగానే ఈ మచ్చ సంగతి కాన్పు డాక్టరుకి చెప్పాలి. కాన్పు ఎట్టా చెయ్యాలో లోపలి బొమ్మని బట్టి ముందే అనుకోవాల్సి ఉంటది. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు కూడా డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు, కొన్నింటివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుద్ది. గర్భం పోయాకో, కడిగించుకున్నాకో గర్భసంచిలో ఇట్టాంటి నాళాలు కనపడితే అది పుట్టుకతో వచ్చింది కాకపోవచ్చు, దానంతటదే తగ్గొచ్చు కూడా. ఆ తేడా కూడా డాప్లరే చెప్పుద్ది.

చివరిగా మా అమ్మ సంగతి. సూదిమందు మొదటిసారి వేసిన రోజు ఆమె డాక్టరమ్మని పక్కకి పిలిచి, "గ్రహణం వల్లేనా అమ్మా?" అని అడిగింది. డాక్టరమ్మ కుర్చీ చూపించి కూర్చోబెట్టి చెప్పింది: "కాదమ్మా. బిడ్డ తయారయ్యేటప్పుడు ఎక్కడో ఒక కణంలో చిన్న తేడా వస్తది. నీ నుంచి వచ్చింది కాదు, నీ మొగుడి నుంచి వచ్చిందీ కాదు. కొన్ని కుటుంబాల్లో వంశంగా వచ్చే రకాలు ఉన్నయ్ గానీ, ఎక్కువ మందికి అట్టా కాదు. మీవోడిదీ వంశంగా వచ్చింది కాదు." మా అమ్మ ఏమీ అనలా. బస్సులో సత్తెనపల్లి దాటిందాకా కళ్లు తుడుచుకుంటానే ఉంది.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో పుట్టుమచ్చతో పాటు రక్తం పడే మనిషి, చెప్పుకోలేని చోట వాపున్న మనిషి ఉంటే ఈ మూడు మాటలు చెప్పండి. ఆ మచ్చ సంగతి డాక్టరుకి మీరే చెప్పండి. కలర్ డాప్లర్ చేయించి, జోరా నింపాదా అడగండి. బొమ్మ చూడకుండా ఎవరన్నా కోస్తానంటే, బల్ల దిగి రండి. రక్తం ఆగకుండా పోతన్నా, కళ్లు తిరిగి పడిపోతన్నా మాత్రం ఆలోచించొద్దు, వెంటనే 108కి కొట్టండి. ఎక్కగానే ముందు మచ్చ సంగతే చెప్పండి.